టోక్యో ఇంక్‌జెట్ సర్క్యూట్, విశాఖ ఉప్పుగాలి: ఒక ఆకుతడి సెన్సర్ కేసు

ముందు కేసు ఏంటో చెప్పేస్తా. విశాఖ దగ్గర ఆనందపురం వైపు ఒక బంతితోట. రాత్రిపూట ఆకుల మీద తడి ఎన్ని గంటలు నిలుస్తోందో రైతుకి తెలియాలి, అంతే. బంతికి వచ్చే ఆకుమచ్చ తెగులు ఆల్టర్నేరియా అనే బూజు వల్ల వస్తుంది, దాని బీజాలు మొలకెత్తాలంటే ఆకు మీద నీటిపొర కొన్ని గంటలపాటు ఆరకుండా ఉండాలి, కాబట్టి గాల్లో తేమ ఎంత అని ఒక్కటే కొలిస్తే చాలదు, ఆకు మీద నిజంగా నీళ్లున్నాయా లేదా అన్నదే లెక్క. అది తెలిస్తే మందు ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది, తెలియకపోతే మన దగ్గర అందరూ చేసేదే, భయంతో వారం వారం కొట్టేయడం. కంపెనీ లీఫ్ వెట్‌నెస్ సెన్సర్లు దొరుకుతాయి గానీ ఒక ఎకరం పూలతోటకి నాలుగైదు పెట్టాలంటే రైతు భరించే రేటు కాదు.

ఈ పని నా దగ్గరికి తెచ్చింది సిటీలోనే పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి. నాది మద్దిలపాలెంలో చిన్న ప్రోటోటైపింగ్ షాపు, బోర్డులు, సెన్సర్లు, కాలేజీ ప్రాజెక్టులు, అప్పుడప్పుడు ఫ్యాక్టరీల రిపేర్లు. ఆ అమ్మాయి చేతిలో ఒక పేపర్ ప్రింటవుట్. "చూడండన్నా, మామూలు ఇంటి ప్రింటర్లో వెండి ఇంకు పోసి సర్క్యూట్లు కొట్టేశారు, మొత్తం సెటప్‌కి మూడొందల డాలర్లేనట" అంది. వాళ్ల గైడ్ రెండు పనులు చెప్పారట, ఒకటి ఈ పద్ధతిలో ఆకుతడి సెన్సర్ చేసి తోటలో నడిపించాలి, రెండోది ఈ పేపర్ రాసిన మనిషి పని ఆ ఫీల్డ్ మీద ఎంత ప్రభావం చూపించిందో థీసిస్‌లో ఒక చాప్టర్ రాయాలి. రెండోది నా పని కాదు నిజానికి. కానీ తీరా మొదలుపెట్టాక రెండూ ఒకటే పని అని తేలింది, ఎందుకో ముందు ముందు చెప్తా.

ఆ పేపర్ యోషిహిరో కవహారాది, టోక్యో యూనివర్సిటీ. 2013లో జ్యూరిచ్‌లో జరిగిన యూబీకాంప్ అనే కంప్యూటర్ సైన్స్ కాన్ఫరెన్స్‌లో వచ్చింది, పేరు ఇన్‌స్టంట్ ఇంక్‌జెట్ సర్క్యూట్స్. ఆయనతో పాటు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి స్టీవ్ హాడ్జెస్, జార్జియా టెక్ నుంచి బెంజమిన్ కుక్, గ్రెగరీ అబౌడ్ వాళ్లంతా ఉన్నారు. విషయం ఇంతే: బజార్లో దొరికే బ్రదర్ ఇంక్‌జెట్ ప్రింటర్, మిత్సుబిషి పేపర్ మిల్స్ వాళ్ల వెండి నానో ఇంకు, ఫోటో పేపర్. ప్రింట్ కొట్టిన కొన్ని సెకన్లలో గీత కరెంటు మోస్తుంది. ఓవెన్ లేదు, లేజర్ లేదు, ఏమీ లేదు.

దీన్ని గొప్ప అనడానికి అంతకుముందు ఏం జరిగేదో తెలియాలి. ఇంక్‌జెట్‌తో ఎలక్ట్రానిక్స్ ప్రింట్ చెయ్యడం 2013లో కొత్త కాదు. కేంబ్రిడ్జ్‌లో సిరింగ్‌హాస్ టీం 2000లోనే పాలిమర్ ట్రాన్సిస్టర్లు ఇంక్‌జెట్‌తో కొట్టి సైన్స్ పత్రికలో వేశారు. బర్క్‌లీలో వివేక్ సుబ్రమణియన్ గ్రూప్ ప్రింటెడ్ ఆర్ఎఫ్ఐడీ (రేడియోతో చదివే) ట్యాగుల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. జార్జియా టెక్‌లో మానోస్ టెంజెరిస్ వాళ్లు 2007కే కాగితం మీద వెండి యాంటెన్నాలు కొట్టారు. అందరికీ తలనొప్పి ఒకటే, వేడి. నానో వెండి రేణువులు ఒకదానికొకటి అంటుకుపోకుండా వాటి చుట్టూ ఒక సేంద్రియ తొడుగు ఉంటుంది, అది ఉన్నంతసేపు ఇంకు బాగా ఉంటుంది గానీ కరెంటు పారదు, అది పోవాలంటే వందకి పైన డిగ్రీల్లో కాల్చాలి, కాలిస్తే కాగితం పసుపెక్కుతుంది, ప్లాస్టిక్ వంగిపోతుంది. పైగా వీళ్లు వాడే ల్యాబ్ ప్రింటర్లు లక్షల్లో ఉంటాయి, డైమాటిక్స్ లాంటి మెషీన్ కొనాలంటే మన దగ్గర డిపార్ట్‌మెంట్ గ్రాంట్ మొత్తం దానికే పోతుంది.

వేడి లేకుండా ఆ తొడుగు ఊడగొట్టొచ్చని జెరూసలేంలో ష్లోమో మగ్దాసి గ్రూప్ 2010 ప్రాంతంలో చూపించింది, వ్యతిరేక చార్జి ఉన్న పాలిమర్ గానీ ఉప్పులోని క్లోరైడ్ గానీ తగిలితే రూం టెంపరేచర్లోనే రేణువులు కలిసిపోతాయి. మిత్సుబిషి వాళ్ల ఇంకు కూడా ఇదే కోవలోది, కాగితం పూతలో ఉన్న పదార్థం ఆ పని చేసిపెడుతుంది. అంటే కెమిస్ట్రీ కవహారాది కాదు. ప్రింటర్ ఆయన కనిపెట్టలేదు, ఇంకు ఆయన చెయ్యలేదు. ఆయన చేసిందేంటంటే ప్రింటర్, ఇంకు, కాగితం మూడూ కలిపితే ఏం వస్తుందో పద్ధతిగా కొలిచాడు, ఏ కాగితం మీద పనిచేస్తుంది, ఏ కాగితం మీద చెయ్యదు, చదరానికి రెసిస్టెన్స్ ఎంత, కాంపోనెంట్లు ఎలా అతికించాలి, యాంటెన్నా ఎలా వస్తుంది, టచ్ సెన్సర్ ఎలా వస్తుంది, అన్నీ. కొందరు ప్రొఫెసర్లు దీన్ని "ఇందులో నావెల్టీ ఏముంది" అని కొట్టిపారేస్తారు. నాలాంటి వాడికి మాత్రం ఆ కొలతల టేబులే పేపర్ మొత్తంలో విలువైన ముక్క.

ఇక ప్రభావం సంగతి. ఆ అమ్మాయి మొదట తెచ్చింది గూగుల్ స్కాలర్ నంబరు. ఎన్ని సైటేషన్లు (అంటే ఆ పేపర్‌ని ఎన్ని వేరే పేపర్లు ప్రస్తావించాయి), హెచ్-ఇండెక్స్ ఎంత. హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే ఫిజిసిస్ట్ పెట్టింది, ఒక మనిషి ఎన్ని పేపర్లకి కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్తుంది, అంతకుమించి చెప్పదు. నేనన్నా, అమ్మా ఈ నంబరు పెట్టి ఒక పేరా రాస్తే మీ సార్ ఊరుకుంటారేమో గానీ మనకి సెన్సర్ చెయ్యడానికి ఇందులో ఏం దొరుకుతుంది, దీన్ని సైట్ చేసినవాళ్లు ఇందులోంచి ఏం తీసుకున్నారో చూద్దాం, అప్పుడు మనకి ముందు ఎవరు ఏ గోతిలో పడ్డారో కూడా తెలుస్తుంది కదా అని.

అలా కూర్చుని తిరగేస్తే చాలామటుకు మొదటి పేజీలో "ఈమధ్య ప్రింటెడ్ ఎలక్ట్రానిక్స్ చౌకయ్యాయి" అని ఒక వాక్యం రాసి బ్రాకెట్లో నంబర్ వేసినవాళ్లే. అవి పక్కన పెట్టాం. రెండో రకం అసలైంది, ఈ పద్ధతిని చేతుల్లోకి తీసుకుని ఇంకోటి చేసినవాళ్లు. ఓల్బర్డింగ్, స్టైమ్లే వాళ్లు 2013లోనే కత్తెరతో ఏ ఆకారంలో కత్తిరించినా పనిచేసే మల్టీటచ్ షీటు చేశారు. 2014లో ప్రింట్‌సెన్స్ వచ్చింది, అందులో టచ్‌తో పాటు వంపు, నొక్కుడు, దగ్గరితనం కూడా ఒకే ప్రింటెడ్ షీట్ మీద తెలిసేలా చేశారు, కవహారా, హాడ్జెస్ ఇద్దరూ ఆ టీంలో ఉన్నారు. హాడ్జెస్ వాళ్ల సర్క్యూట్ స్టిక్కర్స్ కూడా అదే ఏడాది, ప్రింట్ చేసిన గీతల మీద కాంపోనెంట్లని స్టిక్కర్లలా అంటించేయడం. వీళ్లందరూ హెచ్‌సీఐ మనుషులు (మనిషి కంప్యూటర్‌ని ఎలా వాడతాడో చూసే శాఖ), మెటీరియల్స్ వాళ్లు కాదు. ఓవెనూ, ఖరీదైన ప్రింటరూ అక్కర్లేదు అనేసరికి అప్పటిదాకా ఈ గది గుమ్మం తొక్కనివాళ్లు లోపలికొచ్చారు, ఆయన ప్రభావం ముఖ్యంగా అక్కడుంది.

సైటేషన్ లెక్కలో అసలు కనపడని మూడో రకం ఒకటుంది. ఈ పని నుంచే ఏజీఐసీ అనే స్టార్టప్ టోక్యోలో పుట్టింది, 2014లో కిక్‌స్టార్టర్‌లో వెండి ఇంకు పెన్నూ, ప్రింటర్ కిట్టూ పెట్టారు, తర్వాత పేరు ఎలిఫెంటెక్ అయింది, ఇప్పుడు లోహపు నానో ఇంకుతో పల్చటి పొర ప్రింట్ చేసి దాని మీద రాగి పూత పెంచి ఫ్లెక్సిబుల్ బోర్డులు తయారు చేస్తున్నారు. ఫ్యాక్టరీ ఎవరినీ సైట్ చెయ్యదు. అలాగే ఇంకు చేసిన కెమిస్టులకి దక్కాల్సిన పేరు డెమో చేసిన పేపర్‌కి వెళ్లిపోవడం కూడా ఆ నంబర్లలో కనపడదు. ఇది చాప్టర్లో రాయమని గట్టిగా చెప్పా, రాసింది.

ఇంకో ముక్క దొరికింది, మా కేసుకి అదే అసలు బంగారం. కవహారా 2012లోనే, ఈ ఫేమస్ పేపర్‌కి ఏడాది ముందు, టెంజెరిస్ వాళ్లతో కలిసి సెన్‌స్ప్రౌట్ అని ఒకటి చూపించాడు, ఇంక్‌జెట్‌తో ప్రింట్ చేసిన నేల తేమ, ఆకుతడి సెన్సర్. మనకి కావాల్సింది సరిగ్గా ఇదే. ఇది తర్వాత కంపెనీ కూడా అయింది. పెద్ద పేపర్ వెనకాల ఈ చిన్న పోస్టర్ మరుగున పడిపోయింది, సైటేషన్ల ఆర్డర్లో పెట్టి చూస్తే మీకు కనపడదు.

సరే, తయారీ. సెన్సర్ డిజైన్ సింపుల్, రెండు దువ్వెనలు పళ్లు ఎదురెదురుగా ఇరికించినట్టు ఎలక్ట్రోడ్లు. నీటి డైఎలక్ట్రిక్ కాన్‌స్టాంట్ 80 దగ్గర, గాలిది 1, కాబట్టి ఆ పళ్ల మీద నీటిచుక్క పడితే కెపాసిటెన్స్ (ఎలక్ట్రోడ్ల మధ్య చార్జి నిలిచే సామర్థ్యం) ఎగబాకుతుంది. వెండి ఇంకు రెసిస్టెన్స్ పేపర్లో చదరానికి సుమారు 0.2 ఓమ్ అని ఇచ్చారు, మా పళ్లు 40 మిల్లీమీటర్ల పొడవు అర మిల్లీమీటర్ వెడల్పు, అంటే అర మిల్లీమీటర్ చదరాలు 80 వరసగా పేర్చినట్టు, 16 ఓమ్. కెపాసిటివ్ సెన్సర్‌కి ఇది లెక్కలోకి రాదు. ఇదే గీతతో 20 మిల్లీ ఆంప్స్ ఎల్ఈడీ వెలిగిస్తే మాత్రం మూడో వంతు వోల్టు గీతలోనే పోతుంది, అందుకని పవర్ లైన్లు వెడల్పుగా కొట్టుకోవాలి, పిల్లలు ఇది మర్చిపోతారు.

ప్రింటర్ విషయంలో పీజో హెడ్ (ఇంకుని కాచకుండా నొక్కి చిమ్మేది) ఉన్నదే తీసుకోండి, బ్రదర్ అయినా ఎప్సన్ అయినా. థర్మల్ హెడ్డులు ఇంకుని బుడగ వచ్చేలా కాచి నెడతాయి, నానో వెండికి ఆ మర్యాద పడదు. డాబాగార్డెన్స్‌లో ఒక రిపేర్ షాపతను పాత బ్రదర్ ఒకటి ఇచ్చాడు, రీఫిల్ కార్ట్రిడ్జిలు మూడు రంగులకీ పెట్టి అన్నింట్లో వెండి పోశాం, బ్లాక్ జోలికి పోలేదు, ఫోటో పేపర్ బెస్ట్ క్వాలిటీ మోడ్. ప్రింటర్‌ని ఖాళీగా వదిలేస్తే నాజిల్స్ పోతాయి, రోజూ ఒక చిన్న గీతైనా కొట్టించాల్సిందే, ఇంకు ఖరీదు గుర్తొచ్చి ప్రతి క్లీనింగ్ సైకిల్‌కీ గుండె కలుక్కుమంటుంది. మామూలు ఏ4 మీద పనికిరాదు, ఇంకు నారల్లోకి దిగిపోయి గీత తెగిపోతుంది. మన ఊళ్లో ఇంకో చిక్కు, పేపర్ ప్యాకెట్ విప్పి వదిలేస్తే పూత తేమ పీల్చేస్తుంది, గీతల అంచులు పాకుతాయి, కాబట్టి ప్యాకెట్ ఎప్పుడూ సిలికా జెల్‌తో డబ్బాలో. టోక్యో పేపర్లో ఈ సంగతి వెతక్కండి.

సోల్డరింగ్ చెయ్యొద్దు. వేడి సంగతి పక్కన పెట్టినా కరిగిన టిన్ వెండిని తనలోకి లాగేసుకుంటుంది, ప్యాడ్ మాయమైపోతుంది. కవహారా వాళ్లు త్రీఎం కండక్టివ్ డబుల్ సైడ్ టేప్ వాడారు, మేం కూడా టేపూ, మీద క్లిప్పూ.

ఇంతవరకూ పేపర్ చెప్పినట్టే జరిగింది. కథ మారింది నీళ్ల దగ్గర.

ఆ అమ్మాయి పెట్టుకున్న సర్క్యూట్ 555 టైమర్ చిప్‌తో, సెన్సరే దాని కెపాసిటర్. టేబుల్ మీద చక్కగా పనిచేసింది. కానీ 555ని ఆస్టేబుల్‌గా, అంటే ఆగకుండా ఊగేలా, పెడితే ఆ కెపాసిటర్ వోల్టేజ్ సప్లైలో మూడో వంతుకీ మూడింట రెండొంతులకీ మధ్య ఊగుతుంది, అంటే సగటున సగం సప్లై డీసీ (ఒకే దిక్కు వోల్టేజ్) ఎప్పుడూ దాని మీద కూర్చుని ఉంటుంది. తడిసిన వెండి ఎలక్ట్రోడ్ల మధ్య డీసీ పెడితే ఏమవుతుందో పీసీబీ (సర్క్యూట్ బోర్డు) వాళ్లని అడగండి, ప్లస్ వైపు వెండి కరిగి అయాన్లుగా నీళ్లలో నడిచి మైనస్ వైపు చెట్టు వేర్లలా పెరుగుతుంది, కొసకి రెండూ కలిసి షార్ట్. సిల్వర్ మైగ్రేషన్ అంటారు, దశాబ్దాలుగా తెలిసిన జబ్బు. మేం పైన కప్పు లేకుండా కావాలనే ఒక షీటు తడిపి వదిలి మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ వేర్లు సన్నగా నల్లగా స్పష్టంగా కనపడ్డాయి. ఆ ఫోటో థీసిస్‌లో ఉంది.

ఇక్కడే రెండు పనులూ ఒకటయ్యాయి అన్నది. కవహారాని సైట్ చేసిన పేపర్లలో మేం చదివినంతమేర మైగ్రేషన్ ఊసు దాదాపు లేదు, ఎందుకంటే అవన్నీ టచ్ షీట్లు, డెమోలు, ఏసీ గదిలో బతికే సామాన్లు. పీసీబీ రిలయబిలిటీ వాళ్లకి మైగ్రేషన్ కొట్టిన పిండి, కానీ వాళ్లు యూబీకాంప్ చదవరు. ఒక పేపర్ ప్రభావం ఏ దారిలో పారిందో చూస్తే ఏ దారిలో పారలేదో కూడా తెలిసిపోతుంది, మన తోటలో సెన్సర్ చచ్చిపోయేది ఆ పారని చోటే. ఆ అమ్మాయి చాప్టర్ మొత్తానికి ఇదే వెన్నెముక అయింది.

రిపేరు రెండు రకాలుగా చేశాం. సెన్సర్‌కి సిరీస్‌లో ఒక పెద్ద కెపాసిటర్ పెట్టి డీసీ ఆపేశాం, దాంతో వెండికి రెండు వైపులా ఊగే వోల్టేజే తగులుతుంది. రెండోది పైన కప్పు. ఐడీ కార్డు లామినేషన్ వేడికి ఫోటో పేపర్లో ఉండే పాలిథీన్ పొర బుడగలొస్తుంది, అందుకని ఇంక్‌జెట్ పూత ఉన్న పెట్ ప్లాస్టిక్ ఫిల్మ్‌కి మారి ఫ్లెక్స్ బ్యానర్ల షాపులో కోల్డ్ లామినేషన్ చేయించాం, అంచులు నెయిల్ పాలిష్‌తో మూశాం. నవ్వకండి, బాగా పనిచేస్తుంది. కప్పు వేశాక సెన్సిటివిటీ పడిపోయింది, అది ఊహించిందే, ఎలక్ట్రిక్ ఫీల్డ్ పైకి లేచే ఎత్తు పళ్ల మధ్య దూరం ఎంతో దాదాపు అంతే ఉంటుంది కాబట్టి సన్న పళ్లు పెడితే ఫీల్డంతా ఫిల్మ్ లోపలే ఆగిపోతుంది. పళ్లూ, సందులూ రెండూ ఒక మిల్లీమీటర్‌కి పెంచాం, రీడింగ్ తిరిగొచ్చింది.

తోటలో కంటే ముందు లాసన్స్ బే కాలనీలో ఒక ఫ్రెండ్ డాబా మీద పెట్టాం, సముద్రం పక్కనే. అక్కడ విచిత్రం, మొదట్లో బాగానే ఉండి రోజులు గడిచేకొద్దీ మంచు పడని రాత్రుళ్లు కూడా తడి చూపించడం మొదలైంది. తుడిస్తే మళ్లీ మామూలే. కారణం ఉప్పు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఫిల్మ్ మీద పేరుకుంటుంది, మామూలు ఉప్పు గాల్లో తేమ 75 శాతం దాటిందంటే తనంతట తానే నీరు పీల్చి కరిగిపోతుంది, విశాఖలో రాత్రి తేమ 75 దాటడం ఏమంత విశేషం? సెన్సర్ తప్పు చెప్పట్లేదు, దాని మీద నిజంగానే తడి ఉంది, కాకపోతే అది ఆకు మీద పడ్డ మంచు కాదు.

ఆనందపురం కొంచెం లోపలికి కాబట్టి ఈ గోల తగ్గుతుందనుకున్నాం, తగ్గింది కూడా, కానీ అక్కడ రైతు ఫోన్ చేసి "ఏటి బాబూ, మంచు సుక్క నేదు, మీ కాయితం తడి అంటంది" అన్నాడు. వెళ్లి చూస్తే ఆయన ఆ ముందురోజే ఆకుల మీద యూరియా నీళ్లు స్ప్రే చేశాడు, సెన్సర్‌కీ పట్టింది. యూరియా కూడా ఉప్పులాంటిదే, 30 డిగ్రీల దగ్గర తేమ 73 శాతం వచ్చేసరికి చెమ్మగిల్లిపోతుంది. అయితే ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. డాబా మీద ఉప్పు పట్టింది సెన్సర్‌కే, కానీ తోటలో యూరియా ఆకుకీ పట్టింది కదా, మరి ఆకు కూడా అలాగే చెమ్మగిల్లుతుంటే సెన్సర్ చెప్పింది కరెక్టే కావచ్చు. ఆ చెమ్మ బూజు బీజానికి సరిపోతుందా అన్నది ప్లాంట్ పాథాలజీ వాళ్ల ప్రశ్న, ఆ అమ్మాయి ఇప్పుడు అటువైపు ఒక కో-గైడ్‌ని వెతుక్కుంటోంది.

ప్రస్తుతానికి మేం చేసింది ఇది. ప్రతి సెన్సర్ పక్కన ఒక తేమ సెన్సర్, రెండు రీడింగులూ కలిపి చూస్తాం. తేమ 75 దాటగానే కెపాసిటెన్స్ కొంచెం లేచి అక్కడే ఆగితే ఉప్పుచెమ్మ అని మార్క్ చేస్తాం, తెల్లవారుజామున నెమ్మదిగా ఎక్కుతూ పోయి ఎండ రాగానే దబ్బున పడితే మంచు. స్ప్రే చేసినప్పుడల్లా చివర్లో సెన్సర్ మీద ఒక మగ్గు మంచినీళ్లు పొయ్యమని రైతుకి చెప్పాం, పోస్తున్నాడు. సెన్సర్ షీటు మాత్రం సీజన్‌కి ఒకసారి మార్చేసేదిగానే లెక్కేసుకున్నాం, లామినేషన్ అంచు ఏదో ఒకరోజు లేస్తుంది, లేచాక వెండి నల్లబడటానికి ఎక్కువ టైం పట్టదు. షీటు మారిస్తే మళ్లీ ప్రింట్ కొట్టుకోవడమే, డిజైన్ ఫైలు ఉంది, ప్రింటర్ ఉంది.

గైడ్ గారు చాప్టర్ చూసి సైటేషన్ నంబరు టేబుల్ ఎక్కడని అడిగారట. అపెండిక్స్‌లో పెట్టింది.